పిట్టకు పరిచిన పక్క

సకల జనుల సమ్మెలో బాయిలన్నీ బంద్ అయిన రోజుల్లో ల్యాంపు గింజ ముట్టడం మానేసింది. పిట్ట మానేసిన మర్నాటి నుంచి యేసుదానం కూడా పళ్ళెం పక్కకు జరపడం మొదలుపెట్టాడు. మొదట రొట్టె సగం వదిలాడు. తర్వాత అన్నం వదిలాడు. ఆపైన చాయ్ ఒక్కటే మిగిలింది.

ఆయన భార్య దెబోరాకు పిట్ట మీద పెద్ద ప్రేమ లేదు. రోజూ పొట్టు ఊడ్చేది తనే కాబట్టి రోజూ దాన్ని తిట్టేది కూడా తనే. కానీ మంచం మీది మనిషి దవడలు లోపలికి పోతుంటే ఆమెకు ఒక సంగతి అర్థమైంది. పిట్ట తింటేనే ఈయన తింటాడు. పిట్ట పోతే ఈయన్ని ఆపడం తన వల్ల కాదు.

ల్యాంపు అంటే లవ్‌బర్డ్. పిడికిట్లో పట్టేంత ఉంటుంది, కొర్రలు తింటుంది. బాయిలోకి దిగేవాళ్ళు టోపీకి పెట్టుకునే దీపం వెలుగులా ఒళ్ళంతా పసుపు. అందుకే ఆ పేరు. గోదావరిఖనిలో బొగ్గు గనిని గని అని ఎవరూ అనరు, బాయి అంటారు. యేసుదానం ఆ బాయి పనే చేశాడు, పైబండ కూలి నడుము విరిగేదాకా. ప్రాణం దక్కింది, కాళ్ళు దక్కలేదు. ఆయన ఉద్యోగం అల్లుడికి ఇచ్చారు. కూతురు కెరోలిన్, అల్లుడు నస్పూర్‌లో ఉంటారు. యేసుదానం, దెబోరా క్వార్టర్ల వెనక ఈ రేకుల ఇంట్లో ఉంటారు.

పని చేసిన రోజుల్లో బాయి మీద గ్యాస్ చూడడానికి పెంచే చిన్న పిట్టలకు గింజలు వేసిన అలవాటు ఆయనది. మంచాన పడ్డాక మొదట అడిగింది కూడా పిట్టనే. దోస్తు సదయ్య చౌరస్తాలో కొని ఒక జత తెచ్చి ఇచ్చాడు. ఆ జత పిల్లల్ని పెట్టింది. పిల్లలు ఎగిరే వయసుకు వచ్చాక యేసుదానం ల్యాంపును తన దగ్గర ఉంచుకుని, మిగతావాటిని చుట్టుపక్కల ఇళ్ళకు ఇచ్చాడు. ఉత్త పిట్టను ఎప్పుడూ ఇవ్వలేదు. ప్రతి పిట్టతో పాటు దాని పంజరంలో వేలాడదీయడానికి ఒక ఊయల అల్లి ఇచ్చేవాడు.

ఆ ఊయలలు వైర్లతో అల్లినవి. బొగ్గు పేల్చే మందుకు సన్నటి రంగు వైర్లు తగిలిస్తారు. పేల్చాక మిగిలిన ముక్కలు ఎందుకూ పనికిరావు. వాటిని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం బాయి పనివాళ్ళకు అలవాటు. ఈ బొగ్గు బెల్టులో ఏ ఇంటికి పోయినా ఆ వైర్లతో అల్లిన బుట్టో, సంచో, గోడకు తగిలించిన పువ్వో కనిపిస్తుంది. సదయ్య తెచ్చిచ్చే ముక్కలతో యేసుదానం పడుకునే అల్లేవాడు. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన నీలం. అంచులో ఒక చిన్న ముడి, ఆయన గుర్తు. కాళ్ళు పోయిన మనిషి చేతులు ఎంత పని చేస్తాయో చూడండని వచ్చినవాళ్ళందరికీ ఆ ముడే చెప్పేది.

ఇప్పుడు ల్యాంపు ఆ ఊయల ఎక్కడం లేదు. పంజరం అడుగున ఒక మూల ఉబ్బి కూర్చుంటోంది. ఈకలు నిక్కబొడుచుకుని బంతిలా ఉంది. కళ్ళు సగం మూసుకునే ఉంటాయి.

"గ్యాసే" అన్నాడు యేసుదానం.

"ఏం గ్యాసు?"

"నీ బొగ్గుల పొయ్యి. బాయిల పిట్ట తూలిందంటె రోగం పిట్టకు కాదు, గాలికి. మేం పిట్టకు మందు పోసేటోళ్ళం కాదు, బయటికి ఉరికేటోళ్ళం."

"మరి ఇప్పుడెటు ఉరుకుదాం? నిన్ను ఎత్తుకోనా, పంజరం ఎత్తుకోనా?"

ఆయన నవ్వలేదు. దెబోరా పొయ్యిని వాకిలి అవతలికి, ప్రహరీ దగ్గరికి జరిపింది. చాయ్ కావాలన్నా అక్కడికి నడవాల్సి వచ్చింది. కిటికీలు రెండూ బార్లా తెరిచింది. పిట్ట ఇంకా ఉబ్బింది. "గాలి ఎక్కువైంది" అన్నాడాయన. కిటికీ ఒకటి మూసింది. పిట్ట అట్లాగే ఉంది.

పశువుల దవాఖాన కూడా సమ్మెలోనే ఉంది. డాక్టరు చౌరస్తా దగ్గర టెంటులో కూర్చుంటున్నాడని సదయ్య చెప్పాడు. దెబోరా ల్యాంపును గుడ్డసంచిలో పెట్టుకుని అక్కడికి పోయింది. టెంటు నిండా జనం, మైకులో పాట. మెడలో దండ వేసుకుని దీక్షలో కూర్చున్న ఒకాయన సంచి వైపు చూశాడు.

"ఏంది అక్కా, పిట్టను గూడ సమ్మెకు తోలుకొచ్చినవ్?"

"తిండి మానేసింది" అన్నది దెబోరా.

"అరె, మనకన్న ముందుగాలనే దీక్షల కూసున్నదన్నట్టు! రిలేనా, ఆమరణమా?"

అందరూ నవ్వారు. దెబోరా నవ్వలేదు. ఇంట్లో ఇంకొకరు కూడా అదే దీక్షలో ఉన్నారని వాళ్ళకు చెప్పాల్సిన పని లేదనుకుంది.

డాక్టరు చిన్నవాడే. పిట్టను దోసిట్లోకి తీసుకుని రొమ్ము మీద వేలితో తడిమాడు. ఎముక తగిలింది కాబోలు, పెదవి విరిచాడు.

"అమ్మా, నేను బర్రెలు, మేకలు చూసేటోన్ని. పిట్టల మందు మా దగ్గర ఉండది. హైదరాబాద్ పోవాలె, బస్సులేమో లేవు. ఇది ఎట్ల దొడ్డికి పోతున్నది?"

"ఏమో సారు. అడుగున పేపర్ ఏస్తం. దాని మీద అన్నీ నల్లగనే కనిపిస్తయి, అచ్చరాలో, బొగ్గో, ఇంకేందో."

"అదే వద్దు. పేపర్ తీసెయ్యి. తెల్లటిది, తడి పీల్చుకునేది ఏదన్న పరువు. పిట్ట కడుపుల సంగతి బయటికి వచ్చేదాన్ని చూస్తెనే తెలుస్తది. రంగు ఏంది, నీళ్ళెంత, గట్టిగ ఎంత. దినాం మార్చు, మార్చేముందు మంచిగ చూడు. పక్కన బల్బు పెట్టి వెచ్చగ ఉంచు. గ్లూకోజ్ నీళ్ళు చుక్క చుక్క పొయ్యి. ఏమన్న తేడా కనిపిస్తె మల్ల రా, నేను ఎటూ పోను, ఇక్కడనే ఉంట."

ఆ మాటలన్నీ దెబోరా ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. తెల్లటిది, తడి పీల్చేది అనగానే యేసుదానం మంచం కిందికి చూపు దించాడు. అక్కడ ఆయన ప్యాడ్ల ప్యాకెట్ ఉంది.

అవి దవాఖానలో ఆయన కోసం ఇచ్చినవి. పైన తెల్లగా మెత్తగా ఉంటాయి, అడుగున నీలం ప్లాస్టిక్. ఎంత తడి పడినా లోపలికి పీల్చుకుంటాయి, పరుపుకు అంటనివ్వవు. వాడి పారేయాల్సినవి. ఆ ప్యాకెట్ ఎవరికీ కనబడకూడదని ఆయన పట్టు. మనుషులు వస్తున్న అలికిడైతే చాలు, దాని మీద దుప్పటి కప్పమనేవాడు. సదయ్య ఇన్నేళ్ళుగా వచ్చి పోతున్నా అటువంటి వస్తువు ఆ ఇంట్లో ఉన్నట్టు ఎరగడు.

"ఒకటి తియ్యి" అన్నాడు యేసుదానం.

"తియ్య. అవి నీకిచ్చినయి, పిట్టకు కాదు. ఉన్నయే కొన్ని. సమ్మె ఎప్పుడు ఒడుస్తదో, మల్ల ప్యాకెట్ ఎప్పుడిస్తరో ఎవలికెరుక? అయిపోతె నిన్ను దేని మీద పండుకోబెట్టాలె?"

"నీ పాత చీరెల మీద."

"ఉతికేది నువ్వా, నేనా?"

"పిట్ట బతికితె నువ్వు ఉతుకుతవు. సచ్చిపోతె నాకు చీరెలూ వద్దు, ప్యాడ్లూ వద్దు."

"గట్లనకు కెరోలిన్ బాపూ."

"మరి తియ్యి."

ఆమె తీసింది. పంజరం కొలతకు మడిచి, పేపర్ పీకేసి, ఆ జాగాలో పరిచింది. పిట్ట మెత్తటి దాని మీద రెండడుగులు వేసి నిలబడింది. అంతలోనే వంగి దూదిని పొడిచి ఒక పోగు లాగింది. దెబోరా గబుక్కున చెయ్యి పెట్టి ప్యాడ్ బయటికి తీసింది. దూది చిరిగితే లోపల ఏముంటుందో ఆమెకు తెలుసు. ఆయన కింద ఎన్నోసార్లు చిరిగింది. తడి తగిలితే నానిన సగ్గుబియ్యంలా ఉబ్బి జిగురుగా బయటికి వస్తుంది. అది గింజ మింగే గొంతులోకి పోతే ఇంకేమన్నా ఉందా?

పంజరానికి అడుగున జాలీ ఉంది. జాలీ కింద జరుపుకునే రేకు పళ్ళెం ఉంది. ఇన్నాళ్ళూ ఊడ్చడం సులువని ఆమె పేపర్‌ను జాలీ మీదనే వేసేది. ఇప్పుడు ప్యాడ్‌ను పళ్ళెంలో, తెల్లవైపు పైకి పెట్టి, జాలీ కిందికి తోసింది. పిట్ట ముక్కుకు అందదు, పడింది పడినట్టు కనిపిస్తుంది. ఆ పక్కన బల్బు వేలాడదీసింది. ఊరి పక్కన అంత పెద్ద కరెంటు ఫ్యాక్టరీ ఉన్నా సమ్మె రోజుల్లో కరెంటు ఉండీ లేకుండా ఉంది. పోయినప్పుడల్లా వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పంజరానికి ఆనించింది.

సాయంత్రం సదయ్య వచ్చాడు. డ్యూటీ లేదు కాబట్టి ఆయనకు పొద్దు పోవడం లేదు. వచ్చీ రావడంతోనే పంజరం ముందు గొంతుకూర్చున్నాడు.

"ఏంది బావా, పిట్టకు పక్క పరిచినవ్? నా పెండ్లినాడు గూడ నాకు గింత తెల్లటి పక్క పరవలే."

దెబోరా మొగుడి ముఖం వైపు చూసింది. ఆయన దుప్పటి అడగలేదు.

"నాదే" అన్నాడు. "నా కింద పరిచేదే. దానికి ఇచ్చిన."

సదయ్య పళ్ళెం కొంచెం లాగి ప్యాడ్‌ను వేలితో ఒత్తి చూశాడు. తర్వాత, "మంచిగున్నది. మెత్తగున్నది" అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మర్నాడు పొద్దున పళ్ళెం లాగి చూశారు. తెల్లటి ప్యాడ్ మీద నల్లటి చుక్కలు. చుట్టూ నీళ్ళ మరక, నడుమ తారులాంటి నలుపు.

"బొగ్గు ధూళి" అన్నాడు సదయ్య. "ఈ ఊర్ల తెల్లటిది పరిస్తె ఏమైతది అక్కా? నా బనీను చూడు."

యేసుదానం కూడా బొగ్గే అన్నాడు. దెబోరా కూడా అంతే అనుకుంది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకు నలుపంటే బొగ్గే. కిటికీ గట్టు మీద, చెంబు అంచున, బైబిల్ అట్ట మీద, చంటిపిల్లల ముక్కుల్లో. తుడుస్తారు, మళ్ళీ పడుతుంది, మళ్ళీ తుడుస్తారు. నల్లటిది కనిపిస్తే ఏమిటని అడిగే అలవాటే ఎవరికీ లేదు. ఆ ప్యాడ్ మడిచి పారేసి ఇంకొకటి పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఆమె తీగ మీద ఆరిన బట్టలు తీస్తోంది. ఆదివారం చర్చికి కట్టే తెల్లచీర మడతపెడుతూ ఆగింది. చీర తెల్లగా ఉంది. తీగ మీద వేసిన ప్రతిసారీ ఒకటికి రెండుసార్లు దులిపి గాని ఇంట్లోకి తేలేని చీర. దులపలేదు. దులపడానికి ఏమీ లేదు. బాయిలు బంద్. నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ బంద్. బొగ్గు లారీ ఒక్కటి కూడా రోడ్డు ఎక్కక ఎన్నాళ్ళో అయింది.

మరి ల్యాంపు కిందికి బొగ్గు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఆమె చీరను మంచం కోడు మీద వేసి పంజరం దగ్గరికి పోయింది. యేసుదానం నిద్రలో ఉన్నాడు. పళ్ళెం నెమ్మదిగా లాగింది. మళ్ళీ నల్లటి చుక్కలు. ఒకదాని మీద ఊదింది. ధూళి అయితే లేచిపోవాలి. లేవలేదు. అతుక్కుని ఉంది. ఆ పక్కనే ఎర్రటి చుక్క ఒకటి కనిపించింది. రక్తమనుకుంది. గోటితో అంటితే గట్టిగా తగిలింది. వేలి మీదికి తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. నువ్వుగింజలో సగం కూడా లేని ఎర్రటి ప్లాస్టిక్ పెచ్చు. వెతికితే పసుపు పెచ్చు కూడా దొరికింది.

తల ఎత్తి ఊయల వైపు చూసింది.

అడుగు భాగంలో వైరు తొడుగు లేచిపోయి ఉంది. చిలక ముక్కులాంటి ఆ చిన్న ముక్కు దాన్ని కొద్దికొద్దిగా ఒలిచింది. లోపలి లోహపు తీగ బయటపడి మెరుస్తోంది. దాని కొసలు కూడా కొరికినట్టు ఉన్నాయి. యేసుదానం గుర్తు పెట్టిన ముడి సగం లేదు.

దెబోరా చేతిలో ఎర్రటి పెచ్చుతో అట్లాగే నిలబడింది. ఆమెకు రెండు పిట్టలు గుర్తొచ్చాయి. ఒకటి ల్యాంపు తల్లి. పోయిన ఎండాకాలంలో ఇట్లాగే ఉబ్బి కూర్చుని చచ్చిపోయింది. రెండోది పక్క క్వార్టర్ల లైన్లో అనసూర్య ఇంటి పిట్ట. అదీ అంతే. రామగుండం ఎండకు మనుషులే ఆగరు, పిట్టలెంత అన్నారు అందరూ. యేసుదానం కూడా అదే అన్నాడు.

చెప్పకుండా ఊయల తీసేయొచ్చు. కడగడానికి తీశానంటే సరిపోతుంది. తర్వాత తెగిపోయిందనవచ్చు. ఆయనకు మిగిలిన పని అదొక్కటే. ఆ చేతులు అల్లిందే పిట్టను తినేస్తోందని చెబితే, చాయ్ కూడా మానేస్తాడేమో. ఆమె పంజరం తలుపు తీసి లోపలికి చెయ్యి పెట్టింది. కొక్కెం విప్పుతుంటే ఊయల గజ్జెలా చప్పుడు చేసింది.

"అదెందుకు తీస్తున్నవే?"

ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి.

"కడుగుదామని."

"కడిగితె రంగు పోతది. పెట్టు. కొంచెం తేరుకుంటె ఎక్కుతది అది."

అది ఎక్కుతుంది. ఎక్కి మళ్ళీ కొరుకుతుంది. దెబోరాకు ఇక దాచడానికి దారి లేకపోయింది. ప్యాడ్ ఉన్న పళ్ళెం తీసుకొచ్చి ఆయన ఛాతీ పక్కన పెట్టింది. పెచ్చులు రెండూ ఆయన అరచేతిలో వేసింది. ఊయల చేతికిచ్చింది.

ఆయన ఊయలను తిప్పి తిప్పి చూశాడు. తొడుగు లేచిన చోట బొటనవేలితో రుద్దాడు.

"బొగ్గు కాదా?"

"ఊదితె లేస్తలేదు. సమ్మెల బొగ్గు ఏడికెళ్ళి వస్తది?"

"దీని తల్లి గూడ..."

"ఏమో. మనం చూసినమా అప్పుడు? పేపర్ మీద ఏం కనిపించింది?"

"అనసూర్య పిట్ట?"

ఆమె ఆయన అరచేతిలోంచి పెచ్చులు రెండూ తీసుకుని కొంగు కొసకు ముడేసింది.

"గ్యాసు, గ్యాసు అని నీ పొయ్యిని గోడ కాడికి తోలిచ్చిన" అన్నాడు. కాసేపాగి, "కటింగ్ ప్లేయర్ తే" అన్నాడు.

తెచ్చి ఇచ్చింది. ఆయన ముందుగా తన ముడి దగ్గర కత్తిరించాడు. తర్వాత ఊయలను ముక్కలు ముక్కలు చేశాడు. ముక్క కింద పడితే పిట్టకు దొరుకుతుందేమోనని ప్రతి ముక్కనూ పాత టీ డబ్బాలో వేయించాడు. ఆ పూట చాయ్ కూడా తాగలేదు. దెబోరా అనుకున్నట్టే అయింది.

ఆమె మళ్ళీ టెంటుకు పోయి డాక్టరుకు పెచ్చులు చూపించింది. ఆయన మాట తేలిగ్గా లేదు. "లోహం కడుపులకు పోయింది, లోపట రక్తం పడి నల్లగ వస్తున్నది. దాన్ని గుంజే మందు నా దగ్గర లేదు. ఇంకింత మింగకుండ చూస్తె, ఉన్నది మెల్లగ బయటికి పోతె, బతకొచ్చు. చెప్పలేను. ప్యాడ్ మాత్రం ఆపకు. నలుపు తగ్గుతున్నదా లేదా, దాని మీదనే తెలుస్తది." వైర్లలాంటివి కొరికే చోట పెట్టొద్దని, ఆడుకోను వేపపుల్ల ఇవ్వమని కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం యేసుదానం సదయ్యను పిలిపించాడు.

"నేనిచ్చిన ఉయ్యాలలన్ని అడిగి తీస్కరా."

"ఇచ్చినయి మల్ల అడుగుతరా బావా? ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోనీ. పిట్టల్ని సంపుతున్నయని చెప్పు. నేనే చెప్పుమన్ననని చెప్పు."

"వైర్లు తెచ్చింది నేను" అన్నాడు సదయ్య నేల చూపులు చూస్తూ.

"అల్లింది నేను. పో."

సదయ్య లైన్లన్నీ తిరిగాడు. కొందరు వెంటనే తీసి ఇచ్చారు. కొందరు మా పిట్ట మంచిగనే ఉన్నదని ఇవ్వలేదు. మంచిగ ఉన్నప్పుడే ఇయ్యాలెనని సదయ్య వాళ్ళ వాకిట్లోనే కూర్చున్నాడు. డ్యూటీ లేని మనిషి, ఎంతసేపైనా కూర్చుంటాడని తెలిసి వాళ్ళూ ఇచ్చారు. అనసూర్య మాత్రం సదయ్య చేతికి ఇవ్వలేదు. ఊయల పట్టుకుని తనే వచ్చి గడపలో నిలబడింది. భర్త బాయి పనివాడు, ఇద్దరు పిల్లలు. వాళ్ళ పిట్ట చచ్చిపోయినా ఊయల ఖాళీ పంజరంలో అట్లాగే వేలాడుతోందని దెబోరాకు తెలుసు.

"ఎండకు పోయిందంటివి కద అన్నా" అన్నది.

"ఎండ కాదు" అన్నాడు యేసుదానం. "నా వైరు."

"మా పిల్లలు అన్నం తినలే ఆనాడు. గోతి తవ్వి పూలేసిన్రు. ఎండల పంజరం బయట పెట్టినవని నన్ను తిట్టిన్రు. ఇప్పటికీ అంటరు, అమ్మ సంపిందని."

"వాళ్ళకు చెప్పు, నువ్వు కాదని. నేనని చెప్పు."

ఆమె ఆయన వైపు, పంజరంలోని ల్యాంపు వైపు, దాని కింద పరిచిన ప్యాడ్ వైపు చూసింది.

"ఇది మాత్రం ఇయ్యనన్నా. పిట్టే లేదు, ఖాళీ పంజరంల ఉంటె ఎవలకేం నష్టం? మా చిన్నదానికి ఇదంటె పానం."

"రేపు చిన్నది ఇంకో పిట్ట కావాలంటది. నువ్వు తెస్తవు. తెచ్చి ఆ పంజరంలనే పెడుతవు. ఇయ్యవ్వా."

అనసూర్య ఊయలను మంచం మీదికి విసిరినట్టే వేసింది. వెళ్ళబోతూ గడప దాటాక వెనక్కి తిరిగింది. "పిల్లలకు నువ్వే చెప్పు. నేను చెప్తె నమ్మరు. తోలుకొస్త" అని వెళ్ళిపోయింది.

తీసుకొచ్చింది కూడా. యేసుదానం ఆ పిల్లలకు ఏం చెప్పాడో దెబోరా వినలేదు. పొయ్యి గోడ దగ్గర ఉన్నందువల్ల ఆమె అప్పుడు వాకిలి అవతల ఉంది. తిరిగి వచ్చేసరికి చిన్నది మంచం అంచున కూర్చుని, ఆయన కత్తిరించిన ముక్కల్ని డబ్బాలో వేస్తోంది. ఒక్కో ముక్క పడినప్పుడల్లా "ఇది గూడ సంపిందా? ఇది గూడనా?" అని అడుగుతోంది. ఆయన ప్రతిసారీ "ఆఁ" అంటున్నాడు.

ఆ తర్వాతి రోజులన్నీ ప్యాడ్లతోనే గడిచాయి. రోజూ పొద్దున పళ్ళెం లాగడం, చూడడం, మార్చడం. ప్యాడ్లు తరుగుతుంటే దెబోరా ఒక్కోదాన్ని మూడు ముక్కలుగా కోసింది. కోసిన అంచుల నుంచి లోపలిది రాలకుండా టేపు అంటించింది. ఒక ముక్క పిట్టకు. యేసుదానం కిందికి పాత చీరలు వచ్చాయి. అవి ఉతకడానికి ఆమె పొద్దున్నే లేచేది. తిట్టుకుంటూనే ఉతికేది. ఆయన కోసం ప్రార్థన చేసేటప్పుడు పిట్ట పేరు కూడా కలిపి అనడం మొదలుపెట్టింది. ఎవరికీ వినబడకుండా అనేది.

నలుపు ఒక రోజు తగ్గినట్టు ఉండేది, మర్నాడు మళ్ళీ కనిపించేది. గ్లూకోజ్ నీళ్ళు ముక్కుకు తాకిస్తే పిట్ట చప్పరించేది, ఒక్కోసారి చప్పరించేది కాదు. గింజలు నానబెట్టి చిదిమి పెడితే రెండు మూడు తిని ఆపేది. యేసుదానం గంజి రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేవాడు. వాళ్ళిద్దరిలో ఎవరు ఎవరిని చూసి తింటున్నారో, ఎవరు ఎవరిని చూసి మానేస్తున్నారో ఆమెకు తెలియలేదు. ఆయన చేతులు మాత్రం ఖాళీగా దుప్పటి మీద ఉండేవి. అప్పుడప్పుడు వేళ్ళు వాటంతటవే అల్లినట్టు కదిలేవి. దెబోరా అది చూసి ఒక రోజు కొబ్బరి పీచు తాడు తెచ్చి పక్కన పెట్టింది. ఆయన ముట్టలేదు.

సమ్మె ముగిసింది. ఆ పొద్దున సైరన్ కూసింది. ఎన్నాళ్ళుగానో వినని కూత కాబట్టి ఇంట్లో ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. సదయ్య మొదటి షిఫ్టుకు పోతూ వాకిట్లోంచే కేకేశాడు. "వస్త బావా! ఒట్టి చేతుల్తోనే వస్త, ఫికర్ చెయ్యకు!" రోడ్డు మీద లారీలు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ వైపు నుంచి పేలుడు వినిపించి రేకులు గడగడలాడాయి.

మర్నాడు దెబోరా పళ్ళెం లాగింది. ప్యాడ్ ముక్క మీద నల్లగా ఉంది. ఎన్నడూ లేనంత నల్లగా, అంచు నుంచి అంచు దాకా.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏముందే?" అన్నాడు యేసుదానం. "ఏముంది దెబోరా? చెప్పు."

ఆమె వంగి ఊదింది. నలుపు లేచింది. సన్నటి పొగలా లేచి ఆమె కొంగు మీద, పంజరం ఊచల మీద పడింది. దాని కింద తెలుపు కనిపించింది. ఆ తెలుపు మీద మూడు నాలుగు చుక్కలున్నాయి. ఆకుపచ్చగా, గట్టిగా, నడుమ సున్నం అంటినట్టు తెల్లగా. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆమె ఊడ్చి తిట్టినవి అట్లాగే ఉండేవి.

"బొగ్గే" అన్నది.

"సరిగ చూసినవా?"

"బొగ్గే కెరోలిన్ బాపూ. వట్టి బొగ్గు."

"ఇటు తే."

ఆమె పళ్ళెం తెచ్చి ఆయన ముఖం దగ్గర పట్టుకుంది. ఆయన మోచేతి మీద లేవడానికి ప్రయత్నించాడు. ఒంట్లో బలం లేక ఆలస్యమైంది. ఊపిరి తీసుకుని తనే ఊదాడు. మిగిలిన ధూళి లేచి ఆయన మీసం మీద వాలింది. వేలితో తీసి నలిపి చూశాడు. బాయిలో చేసిన ఇన్నేళ్ళలో అట్లా ఎన్నిసార్లు నలిపాడో, తన వేలికి తగిలితే గాని ఎవరు చెప్పినా నమ్మేవాడు కాదు.

"మన ఓపెన్‌కాస్ట్‌దే" అన్నాడు.

పంజరంలో ల్యాంపు అడుగున లేదు. వేపపుల్ల మీద ఉంది. ఇంకా కొంచెం ఉబ్బే ఉంది, తోక కిందికి వాలే ఉంది. కానీ పుల్ల బెరడును ముక్కుతో ఒలుస్తోంది. పెచ్చులు జాలీ సందుల్లోంచి కింద పడుతున్నాయి.

యేసుదానం మళ్ళీ వెల్లకిలా పడుకున్నాడు. కాసేపటికి, "రొట్టెలున్నయా?" అని అడిగాడు.

"చెయ్యాలె. పొయ్యి గోడ కాడ ఉన్నది."

"దాన్ని ఇంట్లకు తే ఇగ. దాని తప్పు లేదు."

దెబోరా సరే అన్నది. పళ్ళెంలోని ప్యాడ్ ముక్క మడిచి పారేసింది. ప్యాకెట్‌లో చెయ్యి పెట్టి చూసింది. అడుగున ఒక్క ప్యాడ్ మిగిలి ఉంది. కత్తెర తీసుకుని పిట్టకు పట్టేంత కోసి జాలీ కిందికి తోసింది. పెద్ద ముక్కను ఆయన నడుము కింద పరిచి, రెండు వైపులా సర్ది, రొట్టెల పిండి తీయడానికి పోయింది.